కార్తెలు గతి తప్పితే చెట్టుకేమవుతుంది?

చెట్టు ఎండను ఓర్చుకునేది నీటి బలంతోనే. వేర్లు పీల్చిన నీరు ఆకుల్లోని పత్రరంధ్రాల గుండా ఆవిరవుతూ ఆకును చల్లబరుస్తుంది. నేలలో తడి తగ్గి, గాలి పొడిబారగానే చెట్టు ఆ రంధ్రాలను మూసుకుంటుంది. దాంతో నీరు మిగులుతుంది గానీ, బొగ్గుపులుసు వాయువు లోపలికి రాక ఆహారం తయారీ కుంటుపడుతుంది, ఆకు వేడెక్కుతుంది. ఉష్ణమండల చెట్ల ఆకుల్లో సుమారు 46.7 డిగ్రీల సెల్సియస్ దగ్గర కిరణజన్య సంయోగక్రియ దెబ్బతింటుందని 2023లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన పేర్కొంది. ఇది ఆకు వేడి. మండుటెండలో ఆకు చుట్టూ ఉన్న గాలికన్నా వేడిగా ఉండగలదు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో గాలి వేడే 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి.

బెట్ట ముదిరితే నీటిని పైకి మోసే సన్నని నాళాల్లో గాలి బుడగలు చేరి ధార తెగిపోతుంది. ముందుగా చిటారు కొమ్మలు ఎండుతాయి. తొలకరికి పచ్చబడినట్టు కనిపించినా చెట్టు పూర్తిగా తేరుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా మాను తొలిచే పురుగులు, శిలీంద్రాలు దాని మీద పడతాయి. ఎండ కుంగదీసిన చెట్టును చాలాసార్లు చివరికి చంపేది తెగులే.

నల్లమల, శేషాచలం వంటి ఆకురాల్చే అడవులకు ఎండాకాలం కొత్త కాదు. ఆకులు రాల్చి నీటిని దాచుకోవడం వాటికి తెలిసిన విద్యే. కానీ వేసవి సాగేకొద్దీ ఎండుటాకులు నిప్పుకు మేతవుతాయి, లేత మొలకలు కాలిపోతాయి. పెద్ద చెట్లు బతికినా అడవికి వారసులుండరు. తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరిగే ఎర్రచందనానికి ఈ బెంగ మరీ ఎక్కువ. ఆ కొండల వాతావరణం సరిపడకపోతే అది వలసపోయేందుకు మరో చోటు లేదు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుకే వాన రోజులు తగ్గినా కుండపోతలు పెరుగుతాయి. నానిన నేలలో వేర్ల పట్టు సడలుతుంది. అప్పుడు పెనుగాలి వీస్తే మహావృక్షాలైనా కూలుతాయి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో వేల చెట్లు నేలకొరిగాయి. ఆ సంఖ్య 50 వేలకు పైనే ఉంటుందని అటవీ అధికారులు అంచనా వేశారు. అంతకు పదేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చిన హుద్‌హుద్ తుపాను విశాఖ పార్కులను, రోడ్ల పక్కని నీడను ఒక్క రోజులో తుడిచిపెట్టింది. ఒక్కో ఘటననూ వాతావరణ మార్పు ఖాతాలో వేయలేం. అయితే బంగాళాఖాతం వేడెక్కేకొద్దీ తుపానులు త్వరగా బలపడే ముప్పు మాత్రం పెరుగుతోంది.

పెరట్లో ఈ మార్పు మామిడి పూతలో కనిపిస్తుంది. మామిడి పూయాలంటే చలికాలపు రాత్రులు చల్లబడాలి. చలి సరిగా పడకపోతే పూత ఆలస్యమవుతుంది, లేదా విడతలుగా వస్తుంది. మబ్బు పట్టి అకాల వర్షం పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు పూతను మాడుస్తాయి. ఇక వేప సంగతి. 2020 తర్వాత తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. ఇది ఫోమాప్సిస్ అనే శిలీంద్రం పని. చిగుళ్ల రసం పీల్చే టీ దోమ దానికి తోడవుతుంది. వానాకాలపు తేమలో తెగులు విజృంభిస్తుంది. వాతావరణ మార్పు ఒక్కటే దీనికి కారణమని చెప్పలేం గానీ, వానలు కాలం తప్పడం శిలీంద్రానికి కలిసొచ్చేదే.

నగరంలో చెట్టుకు మనిషి పెట్టే బాధ కూడా తోడవుతుంది. మొదలు దాకా సిమెంటు పోస్తే నీరు దిగదు, వేరుకు గాలి ఆడదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఆదేశించింది. మన ఊళ్లలోనూ అది జరగాలి. ఎన్ని మొక్కలు నాటారన్న లెక్క కంటే ఎన్ని బతికాయన్నదే ముఖ్యం. వేప, కానుగ, రావి వంటి మన నేల చెట్లకు లోతైన గుంత, వెడల్పైన పాదు, ఆకుల కప్పు, మొదటి రెండు మూడు వేసవుల్లో నీళ్లు కావాలి. ఎదిగిన చెట్టుకైనా రోహిణి కార్తెలో పాదు నిండా నీళ్లు పోయడం మంచిదే. కొమ్మలు ఎండిన వేపను చచ్చిందనుకుని నరికేయకండి. తెగులు సోకిన కొమ్మలు మాత్రం తీసేసి వసంతం దాకా ఆగితే, అలాంటి చెట్లు చాలావరకు మళ్లీ చిగురిస్తాయి.