వినాయకుడి వాహనం – ప్రయోగశాల కొలువు

చవితినాడు ఉండ్రాళ్ళు నైవేద్యం పెడుతూ స్వామివారి పాదాల చెంతనున్న ఎలుకను మనం అంతగా పట్టించుకోము. ఇక్కడ మన దోహా ఎడ్యుకేషన్ సిటీలోనే పార్కిన్సన్స్ వ్యాధిపై పరిశోధన జరుగుతోంది. ఇటువంటి మెదడు జబ్బుల పరిశోధనకు ప్రపంచమంతటా ఎక్కువగా ప్రాణమిస్తున్నది చిట్టెలుకే.

చిట్టెలుకే ఎందుకు? దాని మెదడు అర గ్రాము తూగదు. మనది సుమారు 1,400 గ్రాములు. అయినా ముఖ్యభాగాల అమరిక ఒకటే. మూడు వారాలకే పిల్లలు పెడుతుంది, రెండేళ్ళకే ముసలిదవుతుంది. 1921లో అమెరికాలో మొదలైన నల్ల చిట్టెలుకల వంశం నేటికీ వాడుకలో ఉంది. అవన్నీ కవలల్లాంటివి కనుక, తేడా కనిపిస్తే అది పుట్టుకది కాదు, మందుదేనని గుర్తించడం తేలిక.

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా దశాబ్దాలపాటు ఇటువంటి జంతువులను పెంచి ఇతర ప్రయోగశాలలకు అందించింది.

అయితే ఎలుకకు నయంచేసిన మందు మనిషికి పనిచేయకపోవడమే ఎక్కువ. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మూడు సూత్రాలు చెప్పారు: వీలైతే జంతువే వద్దు, తప్పనిసరైతే తక్కువ జంతువులు, తక్కువ బాధ.

ఊళ్ళో చేతులు వణికే నాన్నగారు, పేర్లు మరచిపోయే అమ్మ ఉన్న ఇళ్ళు మనలో ఎన్నో. మందు కోసం ఎదురుచూసే మనం దాని ఖరీదులో ఈ చిన్న ప్రాణాలనూ లెక్కకట్టాలి. పిల్లలు అడిగితే దాచకుండా చెప్పాలి.