ఊపిరి దారి ఇరుకైతే... ఏ శస్త్రచికిత్స ఎవరికి?

వెంటిలేటర్ సాయంతో గండం గడిచి ఇంటికి చేరిన కొందరికి, కొన్ని వారాల తర్వాత కొత్త బాధ మొదలవుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గాలి పీలిస్తే ఈల లాంటి శబ్దం. ఉబ్బసమనుకుని ఇన్‌హేలర్ వాడినా గుణం కనిపించదు. ఉబ్బసంలో పిల్లికూతలు ఎక్కువగా గాలి వదిలేటప్పుడు వినిపిస్తాయి. పీల్చేటప్పుడు గొంతు దగ్గర శబ్దం వస్తుంటే శ్వాసనాళం ఇరుకైందేమోనని అనుమానించాలి.

ఎందుకిలా జరుగుతుంది?

పెద్దవారి శ్వాసనాళం పొడవు సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లు. వెంటిలేటర్ గొట్టం కదలకుండా, గాలి బయటికి పోకుండా దాని చివర చిన్న బుడగ ఉంటుంది. అది ఎక్కువ ఒత్తిడితో నాళం గోడను నొక్కితే రక్తప్రసరణ తగ్గి పుండు పడుతుంది. పుండు మానేటప్పుడు ఏర్పడే మచ్చ ముడుచుకుని దారిని బిగిస్తుంది. నాళం వ్యాసార్థం సగానికి తగ్గితే, గాలి సాఫీగా సాగినా నిరోధం 16 రెట్లు పెరుగుతుంది.

చికిత్సా మార్గాలు

ఊపిరి ఆడని అత్యవసర స్థితిలో మెడ ముందు భాగంలో రంధ్రం చేసి గొట్టం అమర్చుతారు. ఇదే ట్రకియాస్టమీ. ఇది ప్రాణం నిలుపుతుంది కానీ ఇరుకును పోగొట్టదు.

మచ్చ పలుచని పొరలా ఉంటే నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి, లేజర్‌తో గాట్లు పెట్టి, బెలూన్‌తో వెడల్పు చేస్తారు. పైకి గాయం ఉండదు. అయితే ఇరుకు తిరగబెట్టవచ్చు. పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోలేనివారికి సిలికాన్ స్టెంట్ లేదా టీ ఆకారపు గొట్టం అమర్చుతారు. కఫం పేరుకుని అది మూసుకుపోకుండా జాగ్రత్త పడాలి.

ఇరుకు పొడవుగా ఉన్నా, నాళానికి ఆకారమిచ్చే మృదులాస్థి దెబ్బతిన్నా, ఆ భాగాన్ని కోసి తీసేసి రెండు కొసలను కలిపి కుట్టడమే తరచుగా శాశ్వత పరిష్కారం. పెద్దవారిలో గరిష్ఠంగా సగం నాళం వరకు ఇలా తొలగించవచ్చు. కుట్టు మీద లాగుడు పడకుండా గడ్డాన్ని ఛాతీ చర్మానికి కుట్టి, సుమారు వారం పాటు తల వంచి ఉంచడం చాలాచోట్ల పద్ధతి. స్వరపేటిక కింద ఇరుకైన పిల్లల్లో పక్కటెముక మృదులాస్థిని అతికి దారిని విశాలం చేస్తారు.

ఏది తగినదో తేల్చేది ఇరుకు ఎక్కడుంది, ఎంత పొడవుంది, మృదులాస్థి గట్టిగా ఉందా అన్న అంశాలే. సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీ వాటిని చూపిస్తాయి. అందుకే ఆయాసంతో వైద్యుని దగ్గరికి వెళ్లినప్పుడు, గతంలో వెంటిలేటర్ మీద ఉన్న సంగతి తప్పక చెప్పాలి. కూర్చున్నా శబ్దం వస్తుంటే, మాట తెగుతుంటే ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి చేరాలి.