‘వి’ అంటే వివరమా, విలోమమా?

బాలలూ! చెప్పినట్టు చేసే పనివాడు ఒకడు మీకున్నాడనుకోండి. “ఇంకాస్త వివరంగా చెప్పు” అని అడిగారు. అతడు మీరడిగిన సంగతి వదిలేసి, మిగతా సంగతులన్నీ ఏకరువు పెట్టాడు. తప్పు ఎవరిది?

శంషాబాద్ దగ్గర మా బడిలో జరిగిన ముచ్చట వినండి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సైన్సు ప్రదర్శన కోసం పొగమంచు లెక్క తీయాలనుకుంది. వాళ్ల నాన్న తెల్లవారుజామున విమానాశ్రయానికి టాక్సీ నడుపుతాడు. అందుకే ఆ పిల్లకు ఈ విషయంపై అంత పట్టుదల.

విమానాశ్రయాల వాతావరణ నివేదికలు 40 సేకరించి, వరుసకొకటి చొప్పున ఒక ఫైలులో దాచింది. ప్రతి విమానాశ్రయానికీ నాలుగక్షరాల గుర్తు ఉంటుంది. 2008 మార్చిలో మొదలైన శంషాబాద్‌కు వీఓహెచ్ఎస్, బేగంపేటకు వీఓహెచ్‌వై, ఢిల్లీకి వీఐడీపీ. పొగమంచు వల్ల 1,000 మీటర్ల దూరం కూడా కనబడకపోతే నివేదికలో ‘ఎఫ్‌జీ’ అని రాస్తారు.

వరుసలు వెదికే ‘గ్రెప్’ అనే ప్రోగ్రాముకు వీఓహెచ్ఎస్ అని ఇస్తే 10 వరుసలు వచ్చాయి. ఫైళ్లను నకలు తీసే ‘సీపీ’కి ‘-వి’ తగిలిస్తే, ఏ ఫైలు ఎక్కడికి చేరిందో వివరంగా చెబుతుంది. ఇక్కడా అంతే కాబోలనుకుని అమ్మాయి ‘-వి’ చేర్చింది. ఈసారి 30 వరుసలు! వాటిలో 9 చోట్ల ఎఫ్‌జీ! సంబరపడి అట్టమీద పటం గీసేసింది.

“ఈ 30లో వీఓహెచ్ఎస్ ఏదమ్మా?” అన్నాను. ఒక్కటీ లేదు! ఆ 9 పొగమంచులూ ఢిల్లీవి. శంషాబాద్‌ది ఒక్కటే.

ఎందుకిలా జరిగింది? గ్రెప్‌ను బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ రాశాడు. 1973 నాటి యూనిక్స్‌లోనే అది ఉంది. దాని పేరు, పద్ధతి ‘ఎడ్’ అనే పాత ప్రోగ్రాము నుండి వచ్చాయి. ఎడ్‌లో ‘జి’ అంటే పోలిన వరుసలు, ‘వి’ అంటే పోలని వరుసలు. కనుక గ్రెప్‌లో ‘వి’ అంటే వివరం కాదు, విలోమం! నోడ్ అనే ప్రోగ్రాములోనైతే అదే అక్షరానికి ‘నీ సంచిక సంఖ్య ఎంత?’ అని అర్థం. కర్ల్‌లో చిన్నబడి ‘వి’ వివరం, పెద్దబడి ‘వి’ సంచిక సంఖ్య.

ఇందులో ప్రమాదం ఏమిటంటే, గ్రెప్ ‘తప్పు’ అని హెచ్చరించదు. దాని దృష్టిలో తప్పేమీ జరగలేదు. పరీక్షించే ఉపాయం మాత్రం తేలిక. వివరం పెరిగితే పాత 10 వరుసలూ కొత్తవాటిలో ఉండాలి. లేవు. పైగా 10, 30 కలిపితే సరిగ్గా 40, అంటే మొత్తం ఫైలు!

అందుకే కొత్త ప్రోగ్రాము పట్టగానే ముందు ‘మ్యాన్’ ఆజ్ఞతో దాని వివరణ చదవండి. మా అమ్మాయి కొత్త పటం గీసింది. పాతదాన్ని కూడా పక్కనే ఉంచింది.

ఇక మీకో ప్రశ్న. ‘ఎస్ఎస్‌హెచ్’కు ‘-వి’ రెండుసార్లు ఇస్తే వివరం ఇంకా పెరుగుతుంది. మరి గ్రెప్‌కు రెండుసార్లు ఇస్తే విలోమానికి విలోమమై మొదటి 10 వరుసలే వస్తాయా? ముందు ఊహించండి, తరువాత చేసి చూడండి.