బానెట్ మూత పడుతుందా?

కొత్త మిక్సీ కొని తెచ్చారు. జార్ బిగించి చూస్తే పైనున్న అల్మారా అడుగుకి తగిలింది. ఏం చేస్తాం? గట్టు చివరికి లాక్కుని రుబ్బుకుంటాం. కారు ఇంజనుకి ఆ సౌకర్యం ఉండదండీ!

'కారు ఇంజనుతో మనకేం పని?' అంటారా? అమెరికాలో ఉన్న మీ అబ్బాయో, అల్లుడో గరాజ్‌లో కిట్ కారు కట్టడం మొదలెట్టారనుకోండి. లేదా మీరే అక్కడుండి, మీవారికే ఆ సరదా పుట్టిందనుకోండి. అప్పుడు పని పడుతుంది. కిట్ కారంటే చాసిస్, బాడీ లాంటివి కంపెనీవాళ్లు విడివిడిగా పంపిస్తారు. ఇంజను చాలాసార్లు మనమే వెతుక్కుని బిగించుకోవాలి. అక్కడ బాగా ముచ్చటపడేది కోబ్రా నకలు. 1962లో కరోల్ షెల్బీ అనే ఆయన బ్రిటన్ ఏ.సి. కంపెనీవారి చిన్న స్పోర్ట్స్ కారులో ఫోర్డు వి-8 ఇంజను పెట్టి తయారుచేసిన కారు అది. చూడ్డానికి ఎంతో ముద్దుగా ఉంటుంది. బానెట్ మాత్రం బాగా పల్లం. చిక్కంతా అక్కడే!

ఇంటి ఖర్చుల్లోంచి వేల డాలర్లు వెళ్లే వ్యవహారమిది. ఒకసారి బిగించి, నూనె మరకలు పడ్డ సామాను వెనక్కి తీసుకోమంటే ఏ షాపువాడూ సంతోషించడు. అందుకే కొనకముందే మీరూ పక్కన కూర్చోండి.

లోపలి కొలత వేరు, బయటి కొలత వేరు

ఫోర్డులో 302, 351 విండ్సర్ అని రెండు ఇంజన్లున్నాయి. ఆ అంకెలు లోపలి ఘనపరిమాణానివి, క్యూబిక్ అంగుళాల్లో. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ క్రాంక్ షాఫ్టు మధ్య నుంచి బ్లాకు పై అంచు దాకా కొలిస్తే 302కి 8.2 అంగుళాలు, 351కి సుమారు 9.5. ఆ వైపులు ఏటవాలుగా ఉంటాయి గనక, ఈ తేడా వల్ల ఇంజను నిలువునా దాదాపు అంగుళం పెరుగుతుంది, రెండు పక్కలకీ అంతే జరుగుతుంది. అంటే పైన బానెట్‌తోనే కాదు, పక్కన స్టీరింగ్ కడ్డీతోనూ పొగ గొట్టాలకి పేచీ రావచ్చు. పైగా 302 కోసం కొన్న మానిఫోల్డు 351కి పట్టదు.

'అయితే చిన్న ఇంజను కొంటే సరిపోతుందిగా' అనుకోకండి. 302 అంటే సుమారు 5 లీటర్లు. తర్వాత వచ్చిన ఫోర్డు 4.6 లీటర్ల నాలుగు క్యాం షాఫ్టుల ఇంజను అంతకన్నా చిన్నదే కదా! కానీ ఆ క్యాం షాఫ్టులన్నీ తలమీదే ఉండటంతో బయటికి బాగా వెడల్పు. గిన్నెలో ఎన్ని బియ్యం పడతాయో తెలిసినంత మాత్రాన గిన్నె అరలో పడుతుందో లేదో తెలియదు, ఇదీ అంతే.

ఇంజను మీద మానిఫోల్డు, దానిమీద కార్బురేటరు, ఆపైన ఎయిర్ క్లీనరు. ఎత్తులన్నీ కలిపి చూసుకోవాలి. ఎత్తు మానిఫోల్డు బాగా వేగంగా తిరిగే ఇంజనుకి బలాన్నిస్తుంది. ఊళ్లో, సెలవురోజున షికారుకి తిప్పే బండికి ఎత్తు తక్కువదే నయమని నా అభిప్రాయం. మగవాళ్లు ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి!

ఎయిర్ క్లీనర్లలో అడుగు పళ్లెం కిందికి దిగి ఉండేవి దొరుకుతాయి. ఎత్తు కలిసొస్తుంది. అయితే ఆ పళ్లెం యాక్సిలరేటరు లివరుకి, పెట్రోలు గొట్టానికి తగలకూడదు. మూత కార్బురేటరు నోటి మీదికి మరీ దగ్గరగా వస్తే ఇంజనుకి ఊపిరాడదు. ఇక చోటు చాలడంలేదని ఎయిర్ క్లీనరే తీసేస్తానంటే మాత్రం గట్టిగా అడ్డుపడండి. దుమ్మును ఆపేది అదే. ఇంజను ఒక్కోసారి వెనక్కి పేలినప్పుడు మంట పైకి చిమ్మకుండా కొంతైనా ఆపేదీ అదే.

పిండిముద్ద పరీక్ష

మెకానిక్కులు దీనికి బంకమట్టి వాడతారు. మీ చపాతీ పిండీ పనికొస్తుంది. కాస్త గట్టిగా కలపండి. ఇంజను దాని రబ్బరు దిమ్మల మీద సరిగ్గా కూర్చున్నాక, ఎయిర్ క్లీనరు మూతా, దానిమీది మరా అన్నీ పెట్టించండి. చాలాసార్లు బానెట్‌కి ముందుగా తగిలేది ఆ చిన్న మరే సుమా! మూత మీద నాలుగుచోట్ల, మర మీద, ముందువైపుండే డిస్ట్రిబ్యూటరు మీద ముద్దలుంచండి. పైన ప్లాస్టిక్ కాగితం పరచండి. బానెట్ మెల్లిగా దించి ఎత్తండి. అణిగిన ముద్దలో అగ్గిపుల్ల గుచ్చి, మునిగినంతమేర స్కేలుతో కొలవండి. అంగుళం ఉంటే నిశ్చింత. అరంగుళమైతే ఆలోచించాల్సిందే. ఎందుకంటే యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఇంజను ఆ రబ్బరు దిమ్మల మీద పక్కకి ఊగుతుంది.

'పోనీ, ఇంజన్నే కాస్త కిందికి దింపుదాం' అంటారు. అడుగున ఆయిల్ పాన్ ఉంది మరి! స్పీడు బ్రేకరు దానికి తగిలి ఆయిలంతా కారిపోతే ఇంజనే పోతుంది. గేరుబాక్సు వాలూ మారుతుంది. బానెట్‌కి కన్నం కోయడం మాత్రం అన్నీ బిగించాక, చిట్టచివర చెయ్యాల్సిన పని. కోబ్రా బానెట్ మీద గాలి బుట్ట ఎలాగూ ఉంటుంది, కార్బురేటరు సరిగ్గా దాని కిందికి వస్తోందో లేదో ముందే చూసుకోమనండి.

కొలతలన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఎయిర్ క్లీనరు అన్నిటికన్నా ఆఖర్న కొనండి. ఆ పిండి మాత్రం చెత్తబుట్టలో వేసెయ్యండి, దానికి గ్రీజు అంటి ఉంటుంది!