తడిసిన బ్రేకు లెక్క

క్రేన్లు నడిపి రిటైరైనవాళ్లు నలుగురు కలిస్తే మాట ఇంజిన్ మీద ఎక్కువసేపు నిలవదు, బ్రేకు మీదికి మళ్లుతుంది. వానకు ఏ బండి ఎలా మొరాయించేది, లైనర్ మాడిన వాసన వస్తే ఎవరు పని ఆపేసేవారు, ఇవే ముచ్చట్లు. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనులు, చెల్పూరులో 500, 600 మెగావాట్ల కాకతీయ థర్మల్ యూనిట్లు, దేవాదుల ఎత్తిపోతల పైపులైన్లు, ఆ పథకం కింద చిల్పూర్ మండలంలో ఉన్న మల్లన్నగండి రిజర్వాయరు, కాజీపేట రైల్వే షెడ్లు ఉన్న ఈ ప్రాంతంలో బరువులెత్తే పని తెలిసిన మనుషులకు కొదవ లేదు. వాళ్ల మాటలను మనం కాలక్షేపంగా విని వదిలేస్తున్నాం. నిజానికి అవి సాంకేతిక సాక్ష్యాలు. లెక్క వేసి చూస్తే చాలావరకు నిలబడతాయి. పాత రోప్ క్రేన్‌లోని ఒకే ఒక్క భాగాన్ని, బ్రేకు పట్టీని, తీసుకుని ఈ మాట రుజువు చేయవచ్చు.

రోప్ క్రేన్‌లో ఒకటే ఇంజిన్. దాని శక్తి క్లచ్చుల ద్వారా వైర్ రోప్ చుట్టుకునే డ్రమ్ములకు చేరుతుంది. లివర్ లాగితే క్లచ్చు పట్టి డ్రమ్ము తిరుగుతుంది, హుక్కు లేస్తుంది. దించడం దగ్గరే అసలు సంగతి ఉంది. ఈ తరహా పాత యంత్రాల్లో చాలావాటికి దించేటప్పుడు ఇంజిన్‌తో పని లేదు. క్లచ్చు వదిలేస్తే బరువు తన బరువుకే దిగుతుంది. దాన్ని ఆపేది డ్రమ్ము చుట్టూ ఉన్న ఒక ఉక్కు పట్టీ, దాని లోపలి లైనర్, పెడల్ మీద ఉన్న ఆపరేటర్ కాలు. టన్నుల బరువును మనిషి కాలు ఎలా ఆపగలదు? హుక్ బ్లాక్‌లో రోప్ నాలుగు వరసలుగా వెళితే 8 టన్నుల బరువుకు డ్రమ్ము మీద పడే లాగుడు సుమారు 2 టన్నులే. అయినా అది కాలికి లొంగే బలం కాదు. మిగతా పనంతా పట్టీ చేస్తుంది.

బర్రె పలుపును గుంజకు రెండు చుట్లు చుడితే చిన్నపిల్లవాడైనా పట్టుకుని నిలబడగలడు. పట్టీ చేసేదీ అదే. చుట్టు పెరిగేకొద్దీ బిగువు కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుంది. పట్టీ డ్రమ్మును 270 డిగ్రీలు చుట్టి ఉందనీ, లైనర్ ఘర్షణ గుణకం 0.3 అనీ అనుకుందాం. పెడల్, దాని లింకుల ద్వారా పట్టీ వదులు కొసన 100 కిలోల బలం పెడితే, ఫ్రేముకు బిగించిన రెండో కొసన సుమారు 410 కిలోల బిగువు వస్తుంది. ఈ రెంటి తేడా, అంటే 310 కిలోలు, డ్రమ్మును ఆపే బలం. తిరుగుతున్న డ్రమ్మే పట్టీని మరింత బిగించుకుంటుంది కనుక, పడే బరువే తనను ఆపే బలాన్ని పెంచుతుంది. డ్రమ్ము ఎదురు దిశలో తిరిగితే ఆ సాయం పోతుంది. అదే 100 కిలోలకు ఆపే బలం 76 కిలోలే. అందుకే బరువు దిగే దిశలో పట్టీ తనంత తాను బిగుసుకునేలా అమరుస్తారు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసిన ఉపాయం యంత్రాల చరిత్రలో అరుదు.

ఇప్పుడు వాన సంగతి. లైనర్ తడిసి ఘర్షణ గుణకం 0.3 నుంచి 0.15కు, అంటే సగానికి, పడిందనుకుందాం. బ్రేకు బలం కూడా సగమవుతుందని అనుకుంటాం. కాదు. రెండో కొస బిగువు 203 కిలోలకు పడి, ఆపే బలం 103 కిలోలే మిగులుతుంది. అంటే మూడో వంతు. చుట్టు వల్ల వచ్చిన గుణకారమే ఇక్కడ ఎదురు తిరిగింది. తడి పట్టీతో బరువు ఎత్తకూడదు, ముందు ఖాళీ హుక్కును దింపుతూ బ్రేకును రాపాడించి ఆరబెట్టాలి అనే పాత ఆపరేటర్ల నియమం భయంతో పుట్టింది కాదు, ఈ సూత్రం నుంచి వచ్చింది. వాసన సంగతీ అంతే. 5 టన్నులను 12 మీటర్లు దించితే దాదాపు 590 కిలోజౌళ్ల వేడి పుడుతుంది, అందులో అధికభాగం డ్రమ్ము అంచుకూ లైనర్‌కూ చేరుతుంది. వెంటవెంటనే దించుతూ పోతే లైనర్ మాడి పట్టు తప్పుతుంది. మీటరు లేని యంత్రంలో మొదటి హెచ్చరిక అందేది ముక్కుకే.

జ్ఞాపకాలకు రంగులద్దుకోవడం సహజం, వాటిని ఎలా నమ్మాలి అని ఎవరైనా అడగవచ్చు. ఎవరు ఎన్ని టన్నులెత్తారన్న గొప్పల విషయంలో ఆ అనుమానం న్యాయమే. కానీ తడి బ్రేకు జారుతుందన్న మాటను పైన చేసినట్టే సూత్రంతో తూచవచ్చు. తూకానికి నిలిచినదే తీసుకుందాం. ఆ రోజులు ప్రమాదకరమైనవి, వాటిని పొగడడమెందుకు అనేది మరో అభ్యంతరం. మనిషి కాలి మీద ప్రాణాలు వేలాడదీసిన పద్ధతి పోవడం మంచిదే. పొగడమని నేను అనడం లేదు, నమోదు చేయమంటున్నాను. జరిగిన ప్రమాదాలను, తృటిలో తప్పినవాటిని కూడా.

ఆ జ్ఞానానికి కాలం చెల్లింది కదా అనేది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. టాటాల కంపెనీ టెల్కో 1961లో అమెరికా కంపెనీ పీ అండ్ హెచ్ సహకారంతో రోప్ యంత్రాల తయారీ మొదలుపెట్టి, 1984లో జపాన్ హిటాచీతో కలిసి హైడ్రాలిక్ వైపు మళ్లింది. ఇప్పుడు ఊరూరా హైడ్రా క్రేన్లే. కొత్త వించ్‌లలో స్ప్రింగు బ్రేకును పట్టి ఉంచుతుంది, ఆయిల్ ఒత్తిడి ఉంటేనే వదులుతుంది. బరువు ఎక్కువైతే కంప్యూటర్ అరుస్తుంది. బ్రేకు విషయంలో ఈ అభ్యంతరాన్ని ఒప్పుకోవాలి. కానీ క్రేన్ బోల్తా పడే సూత్రం మారలేదు. 3 మీటర్ల దూరంలో 10 టన్నులెత్తే క్రేన్ 6 మీటర్ల దూరంలో 5 టన్నులు కూడా ఎత్తలేదు, ఎందుకంటే బూమ్ సొంత బరువూ ముందుకే లాగుతుంది. కంప్యూటర్‌కు బూమ్ పొడవు, కోణం, బరువు తెలుస్తాయి. క్రేన్ నిలబడే అవుట్‌రిగ్గర్ కాళ్ల కింద ఉన్నది గట్టి చెలకా, నిన్నటి వానకు నానిన రేగడా, పూడ్చిన పైపు గుంతా అన్నది చాలా యంత్రాలకు తెలియదు. ఎక్కడ ఎన్ని స్లీపర్లు పరవాలో తెలిసింది ఈ నేల మీద బరువులెత్తిన మనుషులకు.

కాబట్టి ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు నా విన్నపం ఒకటే. ఇలాంటి ఆపరేటర్లను, రిగ్గర్లను, ఖలాసీలను ఏడాదికి ఒకసారి సన్మానించి పంపేయకండి. లోడ్ చార్టు ముందు పెట్టి ఏ నేల మీద ఏ క్రేన్ ఎప్పుడు వంగింది, దేనివల్ల వంగింది అని అడగండి. వాళ్లు చెప్పింది విద్యార్థులతో రాయించండి, లెక్క కట్టించండి. నిలబడిన ప్రతి మాటనూ పాఠంలో చేర్చండి. ఆ మనుషులు వయసు పైబడినవాళ్లు, ఈ పని వాయిదా వేయదగ్గది కాదు.