మెక్సికో కిత్తలి మద్యాలు – రుచి పరిశీలనలో సస్యశాస్త్ర దృష్టి

ఉపోద్ఘాతం

ప్రపంచంలోని ప్రతి ప్రాంతమూ తన నేలలో పండే పంట నుంచే తన మద్యాన్ని రూపొందించుకొన్నది. స్కాట్లాండులో బార్లీ, బ్రెజిల్‌లో చెరకు రసం, ఫ్రాన్సులోని కోన్యాక్ ప్రాంతంలో ద్రాక్ష, మన గోవాలో జీడిమామిడి పండు ఇందుకు ఆధారమయ్యాయి. ఇవన్నీ ఏటా ఫలసాయమిచ్చే పంటలు. మెక్సికోలో మాత్రం ఏళ్ల తరబడి పెరిగి, జీవితంలో ఒక్కసారే పూచి, పూచిన వెనుక మరణించే కిత్తలి మొక్క ఆ స్థానాన్ని ఆక్రమించింది. టెకిలా, మెస్కాల్ అనే ప్రసిద్ధ మద్యాలు రెండూ ఈ మొక్క కాండం నుంచే లభిస్తాయి.

మద్యాన్ని రుచి చూసి విశ్లేషించడం రసికుల కాలక్షేపంగా చాలామంది భావిస్తారు. కాని వరి రకాల అన్నాన్ని, మామిడి రకాల గుజ్జును శిక్షణ పొందిన బృందంతో రుచి చూపించి గుణనిర్ణయం చేసే పద్ధతి మన పరిశోధనా కేంద్రాలకు కొత్త కాదు. అదే పద్ధతిని కిత్తలి మద్యాలకు అన్వయించినప్పుడు మొక్క జాతి, వయస్సు, ప్రవర్ధన విధానం వరకు ప్రశ్నలు విస్తరిస్తాయి. ఆ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మద్యపానాన్ని ప్రోత్సహించడం దీని లక్ష్యం కాదు. ఆల్కహాలు క్యాన్సర్ కారకమని, దాని వినియోగంలో సురక్షిత మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసిన సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి.

మొక్క – దానిలోని చక్కెర

కిత్తలి మెట్టప్రాంతాలకు తగిన మొక్క. పగటివేళ పత్రరంధ్రాలను మూసివేసి, రాత్రి చల్లదనంలో తెరచి, బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపంలో నిల్వ చేసుకొంటుంది. అందువల్ల అతి తక్కువ నీటితో జీవించగలదు. ధాన్యపు పంటల వలె ఇది పిండిపదార్థాన్ని కాక, ఫ్రక్టాన్లు అనే చక్కెర గొలుసులను కాండంలో నిల్వ చేస్తుంది. పూలకాడను పైకి పంపడానికి అవసరమైన శక్తి ఈ నిల్వ నుంచే వస్తుంది. కనుక పూలకాడ తలెత్తుతున్న దశలోనే దానిని నరికివేసి, చక్కెర కాండంలోనే నిలిచేటట్లు చేస్తారు. తరువాత ఆకులన్నింటినీ చెక్కివేయగా మిగిలిన కాండం పెద్ద అనాస పండును పోలి ఉంటుంది.

ఫ్రక్టాన్లను ఈస్టు సులభంగా పులియబెట్టలేదు. కాండాన్ని దీర్ఘకాలం వేడిచేస్తే అవి విడిపోయి ఫ్రక్టోజుగా మారుతాయి. అందువల్ల కిత్తలి మద్యంలో కాండాన్ని ఉడికించే దశ తప్పనిసరి అయింది. రుచిలో అధిక భాగం రూపుదిద్దుకొనేది కూడా ఈ దశలోనే.

రెండు పేర్లు – రెండు పద్ధతులు

టెకిలాకు 1974లో ప్రాంతీయ నామ రక్షణ లభించింది. దీనికి అగేవ్ టెకిలానా జాతికి చెందిన నీలి కిత్తలిని మాత్రమే వాడాలి. హలిస్కో రాష్ట్రం, మరో నాలుగు రాష్ట్రాలలోని కొన్ని ప్రాంతాలు దీని ఉత్పత్తికి అర్హమైనవి. కాండాలను ఇటుక పొయ్యిలలోగాని, పీడన పాత్రలలోగాని ఆవిరితో ఉడికించడం వాడుక. సీసాపై ‘100 శాతం అగేవ్’ అని లేకపోతే, పులియబెట్టిన చక్కెరలో 49 శాతం వరకు చెరకు వంటి ఇతర మూలాల నుంచి వచ్చి ఉండవచ్చు.

మెస్కాల్‌కు ఇటువంటి రక్షణ 1994లో లభించింది. వహాకా రాష్ట్రం దీనికి ప్రధాన కేంద్రం. ఇందులో అనేక కిత్తలి జాతులను వాడవచ్చు. అధికంగా సాగయ్యేది ఎస్పదిన్ అని పిలిచే అగేవ్ అంగుస్టిఫోలియా. కొండవాలులలో పెరిగే తోబలా, అనగా అగేవ్ పొటాటోరమ్, పరిమాణంలో చిన్నది. సంప్రదాయ పద్ధతిలో నేలలో తవ్విన గుంటలో కట్టెలతో రాళ్లను కాల్చి, వాటిపై కాండాలను పేర్చి, మట్టితో కప్పి, కొన్ని రోజులు మగ్గనిస్తారు. తరువాత రాతి చక్రంతో నలిపి, కొయ్య తొట్లలో పరిసరాలలోని సహజ ఈస్టులతో పులియబెట్టి, రాగి పాత్రలలోగాని మట్టి కుండలలోగాని సాధారణంగా రెండుసార్లు స్వేదనం చేస్తారు.

పరిశీలించే విధానం

ఉప్పు, నిమ్మచెక్కలతో ఒక్క గుక్కలో మింగే అలవాటు వల్ల మద్యం గుణం తెలియదు. పరిశీలనకు ఈ క్రింది క్రమాన్ని పాటించడం మంచిది.

1. ముందుగా సీసాపై మొక్క జాతి, ప్రాంతం, తయారీ పద్ధతి, ఆల్కహాలు శాతం చదివి నమోదు చేయాలి. ఈ రెండు మద్యాలలోనూ ఆల్కహాలు 35 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. బృంద పరీక్షలో ఈ వివరాలను నిర్వాహకుడు మాత్రమే తన వద్ద ఉంచుకొని, నమూనాలకు మూడంకెల సంకేత సంఖ్యలు ఇవ్వాలి.

2. నమూనాలను గది ఉష్ణోగ్రతలోనే, కొద్ది పరిమాణంలో ఇవ్వాలి. తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకు, పొగ లేనివాటి నుంచి పొగ ఉన్నవాటికి వెళ్లాలి.

3. వాసన చూసేటప్పుడు పాత్రను ముక్కుకు కొంత ఎడంగా ఉంచి, నోరు కొద్దిగా తెరవాలి. లేనియెడల ఆల్కహాలు ఘాటు ఇతర వాసనలను కప్పివేస్తుంది.

4. మొదటి చుక్క నోటిని సిద్ధపరచడానికి మాత్రమే. ఆల్కహాలు నాలుకపై వేడిని గ్రహించే గ్రాహకాలను ప్రేరేపించడం వల్ల మంట కలుగుతుంది. రెండవ చుక్క నుంచే నిర్ణయం మొదలుకావాలి. రుచి అని మనం అనుకొనేదానిలో అధిక భాగం నోటి వెనుక నుంచి ముక్కుకు చేరే వాసనే కనుక, నెమ్మదిగా శ్వాస విడుస్తూ గమనించాలి.

5. కొన్ని చుక్కల నీరు కలిపి మరల పరీక్షించాలి. గాఢత తగ్గినప్పుడు అంతవరకు మరుగునపడిన వాసనలు బయటపడతాయి. పరీక్షించిన ద్రవాన్ని ఉమ్మివేయడం వృత్తి నిపుణుల ఆచారం. అనేక నమూనాలను సమచిత్తంతో పోల్చడానికి అదొక్కటే మార్గం.

ఈ వాసనలకు ముఖ్యంగా నాలుగు మూలాలున్నాయి. పువ్వులను, నిమ్మజాతి తొక్కలను తలపించే టెర్పీన్లు మొక్క నుంచి వస్తాయి. పాకం వాసననిచ్చే ఫ్యూరాన్లు ఉడికించేటప్పుడు ఏర్పడతాయి. గుంట పద్ధతిలో కాలిన కట్టె నుంచి గ్వయాకాల్ వంటి ఫినాళ్లు చేరి పొగ వాసననిస్తాయి. పండ్ల వాసనగల ఎస్టర్లు పులిసేటప్పుడు పుడతాయి. పొగ తప్ప మరేమీ తెలియని మెస్కాల్‌లో మొక్క గుణం మరుగునపడినట్లే భావించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండు ఊళ్ల మెస్కాళ్లను పోల్చి, తేడా అంతా జాతిదే అనడం శాస్త్రీయం కాదు. నేల, వయస్సు, ఈస్టు, కట్టె, పాత్ర అన్నీ మారి ఉంటాయి. ఒకే తయారీదారు ఒకే పద్ధతిలో వేర్వేరు జాతుల నుంచి తీసిన నమూనాలను పక్కపక్కన ఉంచినప్పుడే జాతి ప్రభావాన్ని గురించి కొంత చెప్పగలం. పొలంలో రకాల పరీక్షకు పాటించే నియమమే ఇక్కడా వర్తిస్తుంది.

ఆదరణ తెచ్చిన ముప్పు

నీలి కిత్తలిని విత్తనం నుంచి కాక, తల్లి మొక్క చుట్టూ వచ్చే పిలకల నుంచి పెంచుతారు. తరతరాలుగా ఇలా చేయడంతో విశాలమైన తోటలలో జన్యు వైవిధ్యం చాలా స్వల్పమైంది. దీని ఫలితం 1990ల చివర కనిపించింది. ఎర్వీనియా బాక్టీరియా, ఫ్యుజేరియం శిలీంధ్రం కలిగించిన కుళ్లు, ఎండు తెగుళ్లు తోటలను దెబ్బతీశాయి. 1997 శీతాకాలపు మంచు నష్టాన్ని పెంచింది. 2000 నాటికి ముడిసరుకు కొరత ఏర్పడి కాండాల ధర అనేక రెట్లు పెరిగింది. ఏటా విత్తే పంట అయితే మరుసటి ఏడు సరిదిద్దుకోవచ్చు. కిత్తలిలో ఆ లోటు పూడడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది.

తోబలా వంటి జాతుల సమస్య మరొక విధమైనది. ఇది సాధారణంగా పిలకలు పెట్టదు. విత్తనమే దీనికి ఆధారం. కాని మద్యం కోసం పూయకముందే నరకవలసి ఉంటుంది. కొండలలో సహజంగా పెరిగిన మొక్కను ఇలా తీసిన ప్రతిసారీ దాని సంతతి కూడా తెగిపోతుంది. అరుదైన రుచికి పేరు వచ్చినకొద్దీ కోత పెరిగింది. నష్టం మొక్కలతోనే ఆగదు. రాత్రివేళ కిత్తలి పూల మకరందంపై ఆధారపడి, వాటికి పరాగసంపర్కం చేసే పొడవుముక్కు గబ్బిలాలకు కూడా ఆహారం తగ్గిపోతుంది.

పరిష్కార యత్నాలు లేకపోలేదు. గబ్బిలాల పరిశోధకుడు రోద్రిగో మెదెయీన్ ప్రోత్సాహంతో, తోటలో 5 శాతం మొక్కలను పూయడానికి వదలిపెట్టే ఉత్పత్తిదారులకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చే పథకం మొదలైంది. వహాకాలో కొందరు ఉత్పత్తిదారులు అడవి జాతుల విత్తనాలను సేకరించి నారుమళ్లు పెంచుతున్నారు. వరుసల మధ్య మొక్కజొన్న, చిక్కుడు వేసే పాత అంతరపంట విధానం మొక్క ఎదిగే ఏళ్లలో రైతుకు ఆదాయాన్ని, నేలకు కప్పును ఇస్తుంది.

మనకు సంబంధించిన అంశాలు

రాయలసీమ గట్లపై కంచెగా కనిపించే కిత్తలి కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినదే. అయినప్పటికీ మెక్సికో అనుభవం మనకు దగ్గరగా వర్తించేది ఇప్పచెట్టు విషయంలో. ఆదిలాబాద్, భద్రాచలం అటవీ ప్రాంతాల ఆదివాసులకు ఇప్పపువ్వు ఆహారం, ఆదాయం, ఇప్పసారాకు ముడిసరుకు. పువ్వును సేకరించడం వల్ల చెట్టు చావదు. ఈ విషయంలో ఇప్ప అదృష్టవంతురాలు. కాని రాలిన పువ్వు ఏరుకోవడానికి చెట్టు క్రింద నేలను కాల్చే అలవాటు ఉన్నచోట లేత మొలకలు మాడిపోతాయి. ముదురు చెట్లు నిలిచి ఉన్నంతకాలం దిగుబడిలో లోటు కనిపించదు. తరువాతి తరం చెట్లు లేవన్న సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. ఇప్పపువ్వు ఉత్పత్తులకు మార్కెట్ కల్పించాలని తలపెట్టేవారు నారుమళ్లను, మొలకల రక్షణను మొదటి రోజు నుంచే ప్రణాళికలో చేర్చాలి.

ముగింపు

రుచి పరిశీలన పత్రాలలో సాధారణంగా రంగు, వాసన, రుచి, ముగింపు అనే గడులుంటాయి. వాటికి మరో నాలుగింటిని చేర్చడం అవసరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మొక్క జాతి ఏది, కోతనాటికి దాని వయస్సు ఎంత, అది విత్తనం నుంచి వచ్చిందా పిలక నుంచి వచ్చిందా, సాగు చేసినదా అడవిలోనిదా అన్నవే ఆ నాలుగు. అడవి మొక్క అయితే దాని స్థానంలో మరొకటి నాటారా అని కూడా అడగాలి. వీటికి సమాధానం లేని నమూనాకు, రుచి ఎంత గొప్పదైనా, పూర్తి మార్కులు ఇవ్వరాదు. ఒక మొక్క రుచిని మెచ్చుకొనేవారు ఆ మొక్క మరుసటి తరానికి మిగులుతుందా లేదా అన్నది కూడా విచారించవలసి ఉంటుంది.