నిర్బంధమునకు కారణ మడుగు హక్కు

నేరము చేసినవానిని పట్టి విచారించుట ఒక పద్ధతి. చేయునేమో యను అనుమానముతో ముందుగానే బంధించుట మరియొక పద్ధతి. ఈ రెండవదానికే నివారక నిర్బంధమని పేరు. ఇందు విచారణ లేదు, శిక్ష లేదు. మనిషి మాత్రము చెరలో నుండును. అట్టి వేళ అతని ఇంటివారు ఎవరి నడుగవలెను?

మన రాజ్యాంగపు 22వ అధికరణము కొన్ని రక్షణలను కల్పించినది. నిర్బంధ కారణములను వీలైనంత త్వరగా తెలుపవలెను. మొర చెప్పుకొనుటకు సత్వరమే అవకాశ మీయవలెను. మూడు నెలలకు మించి నిర్బంధింపదలచినచో, తగిన కారణము కలదని సలహా మండలి అభిప్రాయపడవలెను. ఇవి జరుగనిచో హెబియస్ కార్పస్ రిట్టు కోరవచ్చును. బంధితుని ఏ అధికారముతో నిర్బంధించితిరో చెప్పుడని న్యాయస్థానము ప్రభుత్వమును నిలదీయుటయే దాని సారము. బంధితుని పక్షమున తల్లిగాని, భార్యగాని, మిత్రుడుగాని ఈ అర్జీ పెట్టవచ్చును.

అయితే అమలాపురము, రాజోలు, కొత్తపేట కోర్టులకు ఈ రిట్టు నిచ్చు అధికారము లేదు. అది హైకోర్టుకును, సుప్రీంకోర్టుకును చెందినది. హైకోర్టు కొరకు కోనసీమవారు 1954 వరకు మద్రాసునకును, పిదప గుంటూరునకును, 1956 నుండి హైదరాబాదునకును పోవుచుండిరి. 2019 నుండి అమరావతికి పోవుచున్నారు. అమెరికాలో నట్లు కాదు. అచ్చట సాక్ష్యము వినెడి ఫెడరల్ జిల్లా కోర్టులే ఈ అర్జీలను స్వీకరించును. ఉగ్రవాదులని అనుమానించి గ్వాంటనామోలో నిర్బంధించిన విదేశీయులకు సైతము ఈ హక్కు కలదని 2008లో ఆ దేశపు సుప్రీంకోర్టు బూమెడియన్ కేసులో తీర్పు చెప్పినది. అటుపిమ్మట వాషింగ్టనులోని జిల్లా కోర్టు ఒక్కొక్కరి నిర్బంధమునకు గల ఆధారములను పరిశీలించినది.

మన దేశమున ఈ ద్వార మొకప్పుడు మూతపడినది. అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులు ఈ రిట్టు కోరజాలరని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, జస్టిస్ హెచ్. ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించిరి. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ వలన, జీవిత స్వేచ్ఛలను కాపాడు 21వ అధికరణము నిక అత్యవసర పరిస్థితిలోను నిలిపివేయరాదు. ఆ తీర్పును 2017లో సుప్రీంకోర్టే త్రోసిపుచ్చినది.

ఉగ్రవాద నేరారోపణ వేరు. అది 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టము క్రింద విచారణకు వచ్చును. అయినను 2008 సవరణచే అభియోగపత్రమునకు 180 దినముల వరకు గడువు పొడిగింపవచ్చును; బెయిలు దుర్లభము. విచారణ మితిమీరి జాప్యమైనచో రాజ్యాంగ న్యాయస్థానములు బెయిలు నీయవచ్చునని 2021లో సుప్రీంకోర్టు పలికినది.

1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన నిర్బంధ చట్టము క్రింద తెలంగాణలో వెలువడిన ఒక ఉత్తర్వును 2024 మార్చి 21న సుప్రీంకోర్టు కొట్టివేసినది. సలహా మండలులు యాంత్రికముగా తలయూపరాదని హెచ్చరించినది.

కోనసీమ జిల్లా నేడు డాక్టర్ అంబేద్కరు పేరును ధరించియున్నది. ప్రాథమిక హక్కుల కొరకు సుప్రీంకోర్టు నాశ్రయించు నేటి 32వ అధికరణమును రాజ్యాంగమునకు ఆత్మగా, హృదయముగా 1948 డిసెంబరు 9న వర్ణించినవా రాయనయే. ఆ హక్కు అక్కరకు వచ్చుటకు ఇంటివా రెరుగవలసినది స్వల్పమే. నిర్బంధపు ఉత్తర్వు ప్రతి, అది చేతికందిన తేది, పంపిన మొర నకలు, ఈ మూడింటిని భద్రపరుపవలెను. న్యాయస్థానము మొదట చూచునవి తరచుగా అవియే.